మా బావ కాలయంత్రం

పెళ్లివారింట్లో తగవులకు కారణాలు వెతకనక్కరలేదు. విడిది చాలలేదనో, వంటవాడు ఆలస్యంగా వచ్చాడనో, ఫలానావారికి పెట్టిన బట్టలు పలచగా ఉన్నాయనో ఏదో ఒకటి దొరుకుతుంది. కాని మొన్న మా అక్కగారి ఇంట్లో, మేనకోడలి పెళ్లి ఇంక ఇరవై రోజులుందనగా, తండ్రీ కూతురూ ఒక పూటంతా మాటలు మానుకున్నది మాత్రం క్రీస్తుశకం 2504వ సంవత్సరం గురించి. నవ్వకండి. నేనక్కడే ఉన్నాను. ఆ తగవులో కొంత పాపం నాది కూడాను.

మాది వనపర్తి. సైన్సు మాస్టరుగా ముప్ఫై ఏళ్లు పైచిలుకు బల్లలమీద సుద్దముక్క అరగదీసి, ఇప్పుడు పింఛను తింటూ ఇంటిపట్టున ఉంటున్నాను. మా అక్కను గద్వాలలో ఇచ్చారు. బావది మగ్గాలకు నూలూ జరీ ఇచ్చి చీరలు నేయించుకునే వ్యాపారం. మనిషి మంచివాడు. ఆ మంచితనాన్ని నలుగురికీ వినబడేట్టు చెప్పుకునే గొంతు కూడా ఉంది. వయసులో ఉన్నప్పుడు ‘కురుక్షేత్రం’ నాటకంలో వేషాలు కట్టేవాడు. ఇప్పటికీ బేరంలో ఎదుటివాడు తగ్గకపోతే గొంతు సవరించుకుని రాగం తీస్తాడు. దానికి భయపడి తగ్గినవాళ్లను నేనెరుగుదును.

ఈ బావకు ఒక వెర్రి ఉంది. అదే ‘ఆదిత్య 369’. సింగీతం శ్రీనివాసరావు తీసిన ఆ బొమ్మ 1991 జూలైలో విడుదలైంది. బాలకృష్ణ రెండు వేషాలు కట్టాడు. ఒకటి ఈ కాలపు యువకుడు, రెండోది సాక్షాత్తూ శ్రీకృష్ణదేవరాయలు. టిన్నూ ఆనంద్ వేసిన ప్రొఫెసరుగారు కాలయంత్రం ఒకటి తయారుచేస్తే, అందులో ఎక్కి నాయికా నాయకులు ముందు 1526లో రాయలవారి కొలువుకూ, తరువాత 2504కూ వెళ్లి వస్తారు. ఇళయరాజా సంగీతం. చంద్రమోహన్ తెనాలి రామకృష్ణుడు. మా బావ ఆ బొమ్మను ఎన్నిసార్లు చూశాడో ఆయనకే తెలియదు. అక్క మటుకు లెక్క పెట్టింది కాని, ‘పరువు తక్కువ, చెప్పను’ అంటుంది.

ఆ బొమ్మనే కొత్తగా తుడిచి మెరుగుపెట్టి 2025 ఏప్రిల్ 4న మళ్లీ విడుదల చేశారు. పెళ్లిపనులు అటకెక్కినా సరే, హైదరాబాదు వెళ్లి చూడవలసిందేనని బావ పట్టుపట్టాడు. ‘నగలు చూసినట్టూ ఉంటది, బొమ్మ చూసినట్టూ ఉంటది’ అని అక్కను ఒప్పించాడు. శనివారం మధ్యాహ్నం ఆట చూశాము. నగలు మాత్రం చూడలేదు. మర్నాడు శ్రీరామనవమి. పొద్దున్నే బయలుదేరి గద్వాల చేరి, సాయంత్రం అరుగుమీద కూర్చుని పానకం తాగుతూ ఉండగా తగవు లేచింది.

అసలు సంగతి ఏమిటంటే, దీనికి రెండో భాగం తీస్తారనీ, పేరు ‘ఆదిత్య 999 మ్యాక్స్’ అనీ, తన కొడుకు మోక్షజ్ఞ అందులో నటిస్తాడనీ 2024 చివర్లో బాలకృష్ణే చెప్పారు. అదెలా ఉండాలి? ఇదీ ప్రశ్న. తీసేవాళ్లు మమ్మల్ని అడగలేదు. అయినా గద్వాల అరుగుమీద కూర్చున్నవాడు అడిగేదాకా ఆగుతాడా? పూర్వం విద్వద్గద్వాల అని పేరు మోసిన ఊరాయె. తిరుపతి వేంకటకవులంతటివాళ్లు వచ్చి అవధానం చేసి పోయిన సంస్థానం. వాదం అక్కడి నీళ్లలో ఉంది.

‘ఎట్ల ఉండాల్నంటే ఇట్లనే ఉండాలప్పా!’ అన్నాడు బావ. ‘పిల్లలు, పెద్దోళ్లు, ముసలోళ్లు అందరు కలిసి కూసొని నవ్వాలె. రాయలు రావాలె. పాటలుండాలె. ఇంటికొచ్చేటప్పుడు మనసు తేలిగ్గుండాలె.’

‘అట్ల తీస్తే ఎవరు చూస్తరు నాయినా?’ అన్నది మా మేనకోడలు. అచ్చంపేటలో పిల్లలకు పాఠాలు చెబుతుంది. మాట మెత్తన, పట్టు గట్టి. ‘ముప్ఫై నాలుగేండ్లయింది. అప్పటి చిన్న పిల్లలు ఇప్పుడు తల్లిదండ్రులైండ్రు. వాళ్లకు ఇంకా బొమ్మల కొలువే పెడ్తవా? 2504 అన్నంక అదెట్లుంటదో నిజంగ చూపియ్యాలె. కల్కిలో చూపిచ్చినట్టు.’

కల్కి అన్న మాట వినగానే బావ పానకం గ్లాసు కింద పెట్టాడు.

చదువరుల్లో చూడనివారుంటే వారికోసం రెండు ముక్కలు. ‘కల్కి 2898 ఏడీ’ 2024 జూన్ 27న వచ్చింది. తీసిన నాగ్ అశ్విన్ కుటుంబానిది మా నాగర్‌కర్నూలు జిల్లా ఐతోలే. పేరులోని అంకె లెక్కకూడా సరదాగా ఉంటుంది. శ్రీకృష్ణ నిర్యాణం క్రీస్తుపూర్వం 3102 అని పెద్దల లెక్క కదా. దానికి ఆరువేల సంవత్సరాలు కలిపితే 2898. ఆ కాలానికి భూమి ఎండిపోయి, కాశీ ఒక్కటే ఆఖరు పట్నంగా మిగులుతుంది. దాని నెత్తిమీద తలకిందులుగా వేలాడే ఒక పిరమిడ్. నీళ్లూ గాలీ చెట్టూ చేమా సమస్తమూ దానిలోని కొద్దిమందికే. అందులో యాస్కిన్ అనే వృద్ధుడు, కమలహాసన్ కట్టిన వేషం, గర్భిణి స్త్రీల గర్భాలనుంచి తీసిన రసంతో ప్రాణం నిలుపుకుంటూ ఉంటాడు. అమితాబ్ బచ్చన్ అశ్వత్థామ. కథ నడిచి నడిచి, ప్రభాస్ వేసిన భైరవుడు పూర్వజన్మలో కర్ణుడని తేలుతుంది.

‘అది సినిమానా?’ అన్నాడు బావ. ‘ఆడపిల్లలను గాజు గదులల్ల పెట్టి... థూ! పెండ్లి కావలసిన పిల్లవు, ఆ బొమ్మ పేరు నవమినాడు ఎత్తుతవా? పైగా కర్ణుణ్ణి పెద్ద హీరోను చేసిండ్రు. వ్యాసుడు ఒప్పుకుంటడా?’

ఇక్కడ మా పిల్ల తండ్రిని పట్టుకున్న పట్టు చూసి నాకు ముచ్చట వేసింది. ‘నాయినా, నువ్వు ఎన్టీఆర్ దానవీరశూరకర్ణను ఎన్నిసార్లు చూసినవు? అది 1977ల వచ్చింది గద. అండ్ల కర్ణుడు ఎవరు? విలనా? దుర్యోధనుడు సుత ఆయననే వేసిండు, వానికి పాట పెట్టిండు. అప్పుడు వ్యాసుణ్ణి అడిగిండ్రా?’

బావకు జవాబు దొరకలేదు. దొరకనప్పుడు ఆయన చేసే పని లోపలికి చూసి ‘ఏమే, ఇంకింత పానకం తే’ అనటం. అదే చేశాడు.

ఈ లోపల డాలస్‌నుంచి మేనల్లుడు ఫోనులో ప్రత్యక్షమైనాడు. అక్కడ తెల్లవారుతున్నదట. చెల్లెలి పక్షాన మాట్లాడటానికి నిద్రకళ్లతోనే సిద్ధమైనాడు. అమెరికాలో ఇలాంటి తగవు ఎప్పుడో తీరిపోయిందని వాడి వాదం. 1978లో అక్కడి టెలివిజనులో ‘బాటిల్‌స్టార్ గెలాక్టికా’ అని ఒక ధారావాహిక వచ్చిందట. పన్నెండు గ్రహాల్లో ఉండే మనుషులను సైలాన్లనే యంత్రాలు ఒక్క దెబ్బతో తుడిచిపెట్టేస్తాయి. మిగిలిన కొద్దిమంది ఓడలెక్కి భూమిని వెతుక్కుంటూ పోతారు. అంతటి ప్రళయం జరిగిందా, కథ మొదలైన కొంచెంసేపటికే వాళ్లంతా ఒక జూదశాల ఉన్న గ్రహం చేరుకుని విందులు చేసుకుంటారు! పిల్లలు చూసేవారు, బొమ్మలు కొనుక్కునేవారు. ఒక్క ఏడాదితో అది ఆగిపోయింది.

తరువాత 2003లో రొనాల్డ్ మూర్ అనే ఆయన దాన్నే తిరగరాశాడు. అమెరికా మీద 2001 సెప్టెంబరులో దాడి జరిగి రెండేళ్లయిన రోజులవి. ఈసారి జూదశాల లేదు. సొంతవాళ్లు పోయినవాళ్లు ఎలా ఉంటారో అలాగే ఉన్నారు. నిద్ర లేదు, నీళ్లు లేవు, పక్కవాడు మనిషో యంత్రమో తెలియదు, ఖైదీలను హింసించవచ్చునా అని ప్రశ్న. పాతదానిలో మగవాడైన స్టార్‌బక్ కొత్తదానిలో ఆడమనిషి. అభిమానులు మండిపడ్డారు. పాత స్టార్‌బక్ వేషధారి ఏకంగా దాన్ని తిట్టుతూ వ్యాసమే రాశాడు.

‘మరి?’ అన్నాడు బావ ఆశగా.

‘మరింకేముంది నాయినా. పాతదాంట్ల అపోలో వేసిన రిచర్డ్ హాచ్ అని ఒకాయన, పాత కథనే పొడిగించాలని ఏండ్లకొద్ది తిరిగిండు. సొంత డబ్బులు పెట్టి మచ్చుకు చిన్న బొమ్మ సుత తీసిండు. కొత్తది వస్తుందంటే కోపం చేసిండు. ఆఖరుకు ఏమైందంటే, ఆ కొత్తదాంట్లనే ఇంకో వేషం కట్టిండు. చానా మంచి వేషం.’

‘అంటే లొంగిపోయిండన్నట్టు’ అన్నాడు బావ.

‘కాదు నాయినా, కూడిండు.’

నాకీ ముక్క నచ్చింది. లొంగటానికీ కూడటానికీ తేడా బావకు తెలియకపోతే మరెవరికి తెలుస్తుంది? గద్వాల చీర వ్యాపారమంతా దానిమీదే నడుస్తుంది గదా. ఒంటికి నూలు, అంచుకు పట్టు. రెండూ వేరు పోగులు. నేతలోనే పోగుకు పోగు మెలివేసి కలుపుతారు, దాన్ని కుప్పడం అంటారు. నేను ఈ పోలిక పైకి అన్నాను. బావ నావైపు జాలిగా చూసి, ‘ఏమప్పా మాస్టరూ, మగ్గం నేసినోడు ఒక్కడు గూడ ఈ మాట అనడు. అయ్యి కలిపేటప్పుడు నడుము పడిపోతది. నీ అసుంటోళ్లు చీర చూసి అంటరు’ అన్నాడు. నిజమే. ఆ పోలిక వెనక్కి తీసుకుంటున్నాను.

నా మట్టుకు నేను అంతవరకూ బావ పక్షమే. మాస్టరును గనుక నాకు తెలిసిన ఒక విషయం చెప్పి మేనకోడల్ని ఇరుకున పెడదామనుకున్నాను, తీరా అది నా కాలికే చుట్టుకున్నది. కాలయంత్రమనే ఊహను జనానికి అలవాటు చేసిన హెచ్. జి. వెల్స్ ఇంగ్లీషు నవల 1895లో అచ్చయింది. సింగీతంగారు కాలేజీరోజుల్లో దాన్ని చదివి మనసులో దాచుకున్నారని అంటారు. ఆ నవలలో యాత్రికుడు 8,02,701వ సంవత్సరానికి వెళతాడు. అప్పటికి మనుషులు రెండు జాతులైపోయారు. పైన ఎండలో ఆడుతూ పాడుతూ తిరిగే సుకుమారులు ఒకరు. భూమి లోపల చీకట్లో యంత్రాలు తిప్పే పనివాళ్ల సంతతి ఇంకొకరు. ఈ లోపలివాళ్లు రాత్రిపూట పైకి వచ్చి ఆ సుకుమారులనే తింటారు.

‘చూసినవా మామా!’ అన్నది మేనకోడలు ఎగిరి. ‘మొదలే చీకటి కథ అది. దాన్ని మన కోసం తియ్యగా చేసింది సింగీతం. ఇప్పుడు చీకటిగ తీస్తే కొత్త చేసినట్టు కాదు, పాతదానికి పోయినట్టు. పైగా కల్కికి వెనక ఉండి సలహా చెప్పింది గూడ ఆయననే గద, తొంభై రెండేండ్ల వయసుల!’

అదీ నిజమే. 1931లో పుట్టిన సింగీతంగారు ‘కల్కి’కి మార్గదర్శకుడుగా పనిచేశారు. తాను వేసిన తియ్యమామిడి చెట్టుకు పుల్లకాయలు కాస్తే కోపగించుకోని పెద్దమనిషి ఆయన. మా బావకు ఆ పెద్దరికం లేదు.

‘తియ్యగ తీస్తే తప్పేంది?’ అని లేచాడు. ‘మనకు బతుకులల్ల చీకటి తక్కువైందా? టికెట్టు కొని చూడాల్నా?’

అప్పుడు మా పిల్ల ముఖం మారింది. అంతవరకూ వాదం ఆటగా ఉన్నది, ఆ మాటతో ఆట పోయింది.

‘నాయినా, నిన్న ఆ బొమ్మల 2504 వచ్చినప్పుడు హాలంత ఈలలే ఈలలు. యుద్ధం జరిగి, రేడియేషన్ నిండి, జనమంత భూమి కిందికి పోయి బతుకుతుండ్రంటే ఈలలా? రేడియేషన్ అంటే ఆ బొమ్మల ఒక భయం. బటన్ ఒత్తుతరు, పోతది, ఇంటికొస్తరు. నాకు అట్ల నవ్వొస్తలేదు.’

ఎందుకు రాలేదో నాకు తెలుసు. 2019లో అమ్రాబాదు పులుల అడవిలో యురేనియం కోసం వెతకటానికి కేంద్రంలోని అటవీ సలహాసంఘం సూత్రప్రాయంగా ఒప్పుకున్నదని వార్త వచ్చింది. 83 చదరపు కిలోమీటర్లలో బోర్లు వేసి చూస్తామన్నారు. నల్లమల అంతా అట్టుడికినట్టు ఉడికింది. అప్పుడీ పిల్ల నాగర్‌కర్నూలులో చదువుకుంటూ ఉండేది. స్నేహితురాళ్లతో కలిసి అమ్రాబాదు పోయి రోడ్డుమీద కూర్చుని వచ్చింది. చెంచు పెంటలకు వెళ్లి వాళ్ల మాటలు విని వచ్చింది. కృష్ణలోకి దిగే వాగుల నీళ్లకు ఏమవుతుందోనని రాత్రుళ్లు నాకు ఫోనుచేసి ప్రశ్నలు వేసేది. యురేనియం తవ్వితే వచ్చే ధూళి ఏమిటి, రేడాన్ అనే వాయువు ఏమిటి, గనిలో మిగిలిన మట్టిని ఎక్కడ పోస్తారు, ఎన్నాళ్లు కాపలా కాయాలి అని. మాస్టరుగా నాకు తెలిసింది చెప్పాను. అర్ధాయువు అన్న మాట విని, ‘అంటే సగం చావటానికే అన్నేండ్లా మామా?’ అన్నది. ఆ ఏడాది సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. ఆ రోజు మా ఇంటికి వచ్చి తెల్లవారేదాకా నిద్రపోలేదు.

‘నేను బడిల పిల్లలకు ఇదంత చెప్తే, సార్లు చెప్తే, పేపర్ల వస్తే సగం మందికి ఎక్కదు’ అన్నది ఇప్పుడు తండ్రితో. ‘సినిమా చూపిస్తే ఎక్కుతది. కల్కి చూసినంక మా క్లాసుల ఒక పిల్ల అడిగింది, నీళ్లన్ని ఒకళ్లే పెట్టుకుంటే మిగిలినోళ్లు ఊకుంటరా టీచర్ అని. గది పెద్దోళ్ల ప్రశ్న. నువ్వు చెప్పే బొమ్మకు ఏ పిల్ల అయిన అట్ల అడిగిందా?’

నేనిక్కడ నోరు మూసుకోవలసింది. మూసుకోలేదు.

‘అడిగాడు’ అన్నాను. ‘పిల్ల కాదు, పిల్లవాడు. నన్నే అడిగాడు.’

ఎవరికీ ఎన్నడూ చెప్పని సంగతి ఇది. గొప్పగా చెప్పుకోదగ్గది కాదు గనుక చెప్పలేదు.

1991లో ఆ బొమ్మ మా వనపర్తికి దసరా రోజుల్లో వచ్చింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఉత్సాహం. ఎనిమిదో తరగతి పిల్లలను వరుసలో నడిపించుకుని నేల టికెట్టుకు తీసుకుపోయాను. డబ్బు సగం నాది, సగం హెడ్మాస్టరుగారిది. కాలమంటే ఏమిటో, కాంతివేగమంటే ఏమిటో తరువాత పాఠంగా చెప్పవచ్చునని నా ఎత్తు. పిల్లలు రాయలను చూసి కేకలు వేశారు, సుత్తివేలును చూసి పడీపడీ నవ్వారు. తిరిగి వస్తుంటే ఒకడు నా చేయి పట్టుకుని నడిచాడు. చిన్న తండా దగ్గరి పల్లెవాడు. లెక్కల్లో చురుకు. ‘సార్, ఆ మిషిను ఐదొందల ఏండ్లు ముందుకు పోయింది గద. అంత వద్దు. ఉగాదికి పోతదా?’ అన్నాడు.

ఉగాదికి ఎందుకురా అంటే, ఉగాదికి వాళ్ల అమ్మా నాయినా వస్తారని. పాలమూరు లేబరు అన్న పేరు ఆ రోజుల్లో దేశమంతా ఎరుగును. ఎక్కడ ఆనకట్ట కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా మట్టి మోసింది మావాళ్లే. మా పక్కన జూరాల ఆనకట్ట పనే ఇంకా సాగుతున్నది, కాని మావాళ్లు ఎక్కడెక్కడో ఊరిగాని ఊళ్లలో తట్టలెత్తేవారు. గుంపు మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇచ్చి లారీ ఎక్కించుకుపోతే, ఆ బాకీ తీరేదాకా తిరిగిరావటం అతని దయ. ముసలివాళ్లూ పిల్లలూ ఊళ్లో మిగిలేవారు.

నేను ఆ పిల్లవాడికి ఏం చెప్పాను? కాలం, కాంతివేగం అని రెండు మాటలు చెప్పి, ‘నువ్వు బాగా చదువుకో, నీకాలం వచ్చేసరికి అన్నీ బాగుపడతాయిరా’ అన్నాను. ఆ బొమ్మ చూసిన ఊపులో ఎవరైనా ఆ మాటే అంటారు. దీపావళి వెళ్లిన వారానికి వాడు బడికి రాలేదు. వాకబుచేస్తే, తాత పోయాడనీ, ఊళ్లో ఉంచుకునేవారు లేక మేస్త్రీ వెంట వాడినీ తల్లిదండ్రుల దగ్గరికి పంపేశారనీ తెలిసింది. నేను వెళ్లి అడిగి ఉండవలసింది. మేస్త్రీ ఇల్లు అంత దూరమేమీ కాదు, సైకిలుంది. వెళ్లలేదు. ఆరు వారాలు చూసి రిజిస్టరులో వాడి పేరు ఎర్రసిరాతో కొట్టివేశాను. అది నియమం. నియమం ప్రకారం చేసిన పని గనుక ఎవరూ తప్పుపట్టలేదు.

రెండో ఉగాది దాటినాక బస్‌స్టాండులో కనిపించాడు. ముందు నేను గుర్తుపట్టలేదు. చేతులు పెద్దవాళ్ల చేతులైపోయాయి. ‘నమస్తే సార్’ అని, నవ్వి, ‘సార్, 2504 చూసొచ్చిన’ అన్నాడు.

ఎక్కడో ఉత్తరాదిన కొండకు సొరంగం తొలిచేపనిలో ఉన్నారట. పొద్దున లోపలికి పోతే పొద్దుపోయినాక బయటకు రావటం. ‘భూమి లోపట్నే ఉంటిమి సార్. ఆ బొమ్మల తీరు బల్బులు మాత్రం లేవు. గాలి గూడ సరిగ ఆడదు’ అన్నాడు, ఏదో సినిమాలో పొరపాటు ఎత్తిచూపినట్టు.

ఇంతవరకూ చెప్పి ఆగాను. మా మేనకోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. ‘నేను చెప్తున్నది గదే మామా! వానికి తెలిసింది అసలు సంగతి. అసుంటి పిల్లల బొమ్మ తీయాలె. ఇండ్ల ఈలలెందుకు, పాటలెందుకు?’

‘తొందరపడకు బిడ్డా, ఇంకా ఉంది’ అన్నాను. బస్సు కదలబోతుండగా వాడింకో మాట అన్నాడు. అక్కడ డేరాల్లో తనలాంటి పిల్లలు పదిమందికి పైగా ఉండేవారట. వాళ్లలో బొమ్మలు చూసినవాళ్లు తక్కువ. రాత్రిపూట రొట్టెలు తిన్నాక కథ చెప్పమని వాడి వెంటపడేవారట. ‘రోజూ ఆదిత్యనే చెప్పేవాణ్ని సార్. రాయల కొలువు, రామకృష్ణుని తమాషాలు, అయ్యే చెప్పేవాణ్ని. ముందుకు పోయేది మాత్రం చెప్పకపోయేది. అది ఇడిసిపెట్టిన.’

ఎందుకు విడిచిపెట్టావని నేను అడగలేదు. బస్సు వెళ్లిపోయింది. తరువాత వాడు నాకు కనిపించలేదు.

అరుగుమీద కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. బావకు తన పక్షం నెగ్గినట్టు తోచి ఉండాలి, ఏదో అనబోయి, కూతురి ముఖం చూసి మానుకున్నాడు. ఆయనలో అంత సున్నితం ఉన్నదని నాకు అదివరకు తెలియదు. ఫోనులోంచి మేనల్లుడు, ‘మామా, ఉన్నరా? ఆడియో పోయిందా?’ అని అరుస్తున్నాడు. అక్క వచ్చి ఫోను తీసుకుని, ‘పోలేదు కొడుకా, నువ్వు పోయి స్నానం చెయ్యి’ అని కట్టేసింది.

తండ్రీ కూతురూ మాటలు మానుకున్నది అప్పుడే. కోపం కాదు. ఇద్దరికీ చెప్పటానికి ఏమీ తోచక. పిల్ల లోపలికి వెళ్లి పెళ్లి చీరలు మడతలు విప్పుతూ పెడుతూ కూర్చున్నది. బావ అరుగుమీదే పడుకుని కోటవైపు చూస్తున్నాడు. చెన్నకేశవస్వామి గుడినుంచి నవమి భజన వినపడుతున్నది.

నిజం చెప్పొద్దూ, నా మనసు అటూ ఇటూ కూడా పోతున్నది. కల్కిలోని కాశీవంటి ఊళ్లను నేను కథ అనుకోలేను, మావాళ్లు అలాంటి ఊళ్లు కట్టి వచ్చారు. ఇప్పుడు మా జిల్లాల్లోనే ఎత్తిపోతల సొరంగాల్లో బీహారువాళ్లూ ఒరిస్సావాళ్లూ పనిచేస్తుంటే చూస్తున్నాను. ఆ లెక్కన మేనకోడలి మాట కాదనలేను. హింసా నెత్తురూ ఎక్కువ పోస్తే పెద్దల బొమ్మ అయిపోతుందనుకునేవాళ్లను మాత్రం ఒప్పుకోను, అది పిల్లల లెక్కే, ఇంకా చిన్నపిల్లల లెక్క. ఇంకోవైపు ఆ డేరాలో కూర్చున్న పదిమంది గుర్తుకు వస్తారు. వాళ్లకు ఎవరైనా కల్కి కథ చెబితే వినేవాళ్లా? ఏమో, వినేవాళ్లేనేమో. అశ్వత్థామ ఉన్నాడు గదా. చెప్పేవాడు ఏ ముక్క ఉంచి ఏ ముక్క విడిచిపెడతాడో దాన్నిబట్టి ఉంటుంది.

రాత్రి భోజనాల దగ్గర మౌనం విరిగింది. విరిచింది బావే. పెరుగన్నం కలుపుకుంటూ, ఎవరినీ చూడకుండా, ‘ఆ కల్కి మళ్ల ఒకసారి పెట్టు బిడ్డా, ఇంట్ల టీవీలనే. ఆ గాజు గదులొచ్చినప్పుడు నేను లేచిపోత, అయినంక పిలువు’ అన్నాడు.

‘ఆ గదులే గద నాయినా అసలు కథ’ అన్నది మా పిల్ల.

‘సరె, అట్లయితే కూసుంట. కాని నడుమ నడుమ మాట్లాడత, నన్ను ఆపొద్దు.’

‘నువ్వు మాట్లాడకుంట ఏ బొమ్మ చూసినవు గనుక’ అన్నది అక్క, అందరికీ మజ్జిగ పోస్తూ.

బొమ్మ పెట్టేసరికి తొమ్మిదిన్నరయింది. అశ్వత్థామ లేచి నిలబడేసరికి బావ చాపమీదనుంచి లేచి కూర్చున్నాడు, నాటకాలనాటి గొంతు సవరించుకున్నాడు. మా పిల్ల రిమోటు నాకిచ్చి, నా దగ్గరికి జరిగి మెల్లగా అడిగింది.

‘మామా, ఆ పిల్లగాని పేరేంది?’

చెప్పాను. ఇన్నేళ్లకు ఆ పేరు పైకి అనటం అదే మొదలు.